తెలుగు కౌబాయ్ సినిమా

గుర్రం, టోపీ, నడుముకు తుపాకీ, ఎక్కడో దాచిన నిధి. వీటి చుట్టూ అల్లిన సాహస చిత్రాలను తెలుగువాళ్లు కౌబాయ్ సినిమాలు అంటారు. తెలుగులో ఈ తరహాకు శ్రీకారం చుట్టింది 1971 ఆగస్టు 27న విడుదలైన ‘మోసగాళ్లకు మోసగాడు’. కృష్ణ, విజయనిర్మల జంటగా కె.ఎస్.ఆర్. దాస్ దర్శకత్వం వహించిన ఈ చిత్రం ‘షోలే’కన్నా నాలుగేళ్లు ముందే వచ్చింది.

నేపథ్యం

అమెరికాలో పుట్టిన వెస్టర్న్ కథకు 1960లలో ఇటలీ దర్శకులు కొత్త ఊపు తెచ్చారు. సెర్గియో లియోనె 1964–66 మధ్య క్లింట్ ఈస్ట్‌వుడ్‌తో మూడు సినిమాలు తీశారు. అమెరికా, మెక్సికో సరిహద్దుల్లో జరిగినట్టు కనిపించే ఆ కథల్లో చాలా భాగం స్పెయిన్‌లోని అల్మెరియా ఎడారిలోనే చిత్రీకరించారు. ఇసుక, ఎండ, గుర్రాలు దొరికితే ఏ దేశమైనా ఈ కథకు సొంత గడ్డే అని అవి రుజువు చేశాయి.

మెక్సికో దీన్ని మరో దారి పట్టించింది. అక్కడ ముసుగు వేసుకుని కుస్తీ పట్టే మల్లయోధులకు జనంలో విపరీతమైన ఆదరణ ఉండేది. వాళ్లలో అగ్రగణ్యుడు ఎల్ శాంతో. వెండి ముసుగు తీయకుండానే ఆయన యాభైకి పైగా చిత్రాల్లో నటించారు. 1970 నాటి ఒక సినిమాలో గుర్రాల మీద తిరిగే దుండగులను ఎదుర్కొనే వెస్టర్న్ వీరుడిగానూ కనిపించారు.

తెలుగునాట మల్లవిద్యకు పేరుకేమీ కొదవ లేదు. వీరఘట్టానికి చెందిన కోడి రామమూర్తి నాయుడును జనం కలియుగ భీముడని కొనియాడారు. అయితే ఆ కీర్తి ముసుగు చాటున పెరిగింది కాదు. సినిమాలోనూ అంతే. అభిమాన నటుడి ముఖం చూడటానికే ప్రేక్షకుడు టికెట్టు కొంటాడు. అందుకే ఇక్కడి నాయకుడికి గుర్తు ముసుగు కాదు, మారువేషం. పెట్టుడు గడ్డం, బుగ్గమీద పులిపిరి పెట్టినా అతనెవరో హాల్లో అందరికీ తెలుస్తూనే ఉంటుంది. కౌబాయ్ వేషం కూడా ఆ సంప్రదాయంలో సులువుగా ఇమిడిపోయింది.

‘మోసగాళ్లకు మోసగాడు’

కృష్ణ సొంత సంస్థ పద్మాలయా తొలి చిత్రం ‘అగ్నిపరీక్ష’ (1970) ఆడలేదు. రెండో ప్రయత్నంగా ఆయన సోదరులతో కలిసి, అప్పటికి తెలుగులో ఎవరూ చేయని సాహసానికి దిగారు. దాస్ అప్పటికే కృష్ణతో ‘టక్కరి దొంగ చక్కని చుక్క’ (1969), విజయలలితతో ‘రౌడీ రాణి’ (1970) తీసి, పోరాట చిత్రాల్లో చెయ్యి తిరిగినవారు.

రచనకు ఎంచుకున్న మనిషి మరీ విశేషం. ‘త్వమేవాహం’ కావ్యకర్త, ‘సమగ్ర ఆంధ్ర సాహిత్యం’ రాసిన పరిశోధకుడు ఆరుద్ర ఈ తుపాకీ కథకు కలం పట్టారు. లియోనె చిత్రాల నుంచీ, హాలీవుడ్ చిత్రం ‘మెకన్నాస్ గోల్డ్’ నుంచీ ప్రేరణ పొందినా, కథను ఆంగ్లేయుల కాలపు అమరవీడు సంస్థానానికి తెచ్చారు. దాచిన సంస్థానపు సొత్తు కోసం మంచివాడు, నక్కజిత్తులవాడు, క్రూరుడు పోటీపడతారు. నాగభూషణం పాత్ర పేరు నక్కజిత్తుల నాగన్న, సత్యనారాయణ పాత్ర పేరు క్రూర్‌సింగ్. పేరు వినగానే మనిషి గుణం తెలిసిపోయే ఈ పద్ధతి మన జానపదాలకూ నాటకాలకూ అలవాటైనదే. ‘సువర్ణసుందరి’కి సంగీతం అందించిన పి. ఆదినారాయణరావు దీనికి బాణీలు కట్టారు.

ఎడారి కోసం యూనిట్ మద్రాసు నుంచి రాజస్థాన్ వెళ్లింది. బికనేరు కోట పరిసరాలనూ ఇసుక తిన్నెలనూ వి.ఎస్.ఆర్. స్వామి కెమెరా పట్టుకుంది. సినిమా ఘన విజయం సాధించింది. ‘ట్రెజర్ హంట్’ పేరుతో ఇంగ్లీషులోకీ అనువాదమైంది. పద్మాలయా నిలదొక్కుకుని, 1974లో తెలుగులో తొలి సినిమాస్కోప్ చిత్రం ‘అల్లూరి సీతారామరాజు’ తీయగలిగింది.

తరువాతి చిత్రాలు

1973లో కృష్ణ, దాస్ జోడీ నుంచే ‘మంచివాళ్లకు మంచివాడు’ వచ్చింది. ఆ తర్వాత చెప్పుకోదగ్గది 1990 ఆగస్టు 9న విడుదలైన ‘కొదమసింహం’. కె. మురళీమోహనరావు దర్శకత్వంలో చిరంజీవి గడ్డంతో గుర్రమెక్కిన ఈ చిత్రానికి సమర్పకుడు నాటి క్రూర్‌సింగ్ సత్యనారాయణే. 2002 సంక్రాంతికి జయంత్ సి. పరాన్జీ ‘టక్కరి దొంగ’లో మహేశ్‌బాబు తన తండ్రి కృష్ణ టోపీని అందుకున్నారు. కృష్ణ అందులో చిన్న పాత్రలో కనిపించారు.

తొలి కౌబాయ్ నాయిక విజయనిర్మల దర్శకురాలిగా 40కి పైగా చిత్రాలు తీసి గిన్నిస్ పుస్తకానికెక్కారు. 2019 జూన్ 27న కన్నుమూశారు.  కృష్ణ 2022 నవంబరు 15న మరణించారు. 2023 మే 31న, ఆయన జయంతి రోజున, ‘మోసగాళ్లకు మోసగాడు’ను 4కె ప్రతిగా శుభ్రపరిచి మళ్లీ థియేటర్లలో విడుదల చేశారు.