చెట్టు కప్ప (పాలిపెడేటస్ మాక్యులేటస్)

యానాంతో సహా గోదావరి డెల్టా ఊళ్లలో స్నానాల గదుల్లోనూ, నీళ్ల తొట్ల పక్కనా, పూలకుండీల మాటునా పగలంతా కదలకుండా అతుక్కుని కూర్చునేది ఈ కప్పే. వేళ్ల చివరి గుండ్రటి బిళ్లల సాయంతో నున్నటి గోడల్నీ ఎక్కేస్తుంది. ఒంటి రంగు చోటును బట్టి మారుతుంది. వెల్ల వేసిన గోడ మీద బాగా పాలిపోతుంది. అందుకే బ్రిటిష్ పాలన కాలపు ఇంగ్లీషువాళ్లు దీన్ని సున్నపు కప్ప అని పిలిచారు.

బ్రిటిష్ జంతుశాస్త్రవేత్త జాన్ ఎడ్వర్డ్ గ్రే 1830లో దీనికి హైలా మాక్యులేటా అని పేరు పెట్టాడు. 1890లో జార్జ్ ఆల్బర్ట్ బౌలెంజర్ బ్రిటిష్ ఇండియా సరీసృపాలు, ఉభయచరాల మీద రాసిన గ్రంథంలో రాకోఫోరస్ ప్రజాతి కింద చేర్చాడు. అంతకు ఎనిమిదేళ్ల ముందు, 1882లో, దక్షిణ అమెరికాలోని ఫిల్లోమెడ్యూసా సావాజీ అనే చెట్టు కప్పను శాస్త్రలోకానికి పరిచయం చేసింది కూడా ఆయనే. ఈ రెండు కప్పల మధ్య పోలిక బయటపడటానికి మాత్రం వందేళ్లకు పైనే పట్టింది.

సావాజీ ఉండేది అర్జెంటీనా, పరాగ్వే, బొలీవియాల్లో పరుచుకున్న గ్రాన్ చాకో మైదానంలో. అక్కడి ఎండకు మామూలు కప్ప చర్మం తట్టుకోలేదు. ఇది చర్మగ్రంథుల నుంచి మైనం లాంటి కొవ్వును స్రవించి, నాలుగు కాళ్లతో ఒళ్లంతా పులుముకుంటుంది. షూమేకర్, మెక్‌క్లానహన్ అనే శాస్త్రవేత్తల బృందం 1972లో ఇంకో సంగతి వెల్లడించింది: ఇది నత్రజని వ్యర్థాన్ని యూరిక్ ఆమ్లంగా విసర్జించి నీటిని ఆదా చేసుకుంటుంది. పక్షులూ, బల్లులూ చేసే పని అది, కప్పల్లో చాలా అరుదు. దానికి రెండేళ్ల ముందే లవ్‌రిడ్జ్ అనే శాస్త్రవేత్త ఆఫ్రికాలోని ఖైరోమాంటిస్ కప్పలో ఇటువంటి గుణాన్నే గుర్తించాడు. ఖైరోమాంటిస్ మన చెట్టు కప్ప ఉన్న రాకోఫోరిడే కుటుంబానికే చెందుతుంది.

1997లో లిలీవైట్, మిట్టల్ తదితర శాస్త్రవేత్తలు మన కప్ప కూడా సావాజీలాగే స్రావాన్ని కాళ్లతో ఒంటికి పులుముకుంటుందని వివరంగా రాశారు. చర్మం నుంచి ఊరే జిగురూ కొవ్వూ కలిసిన పూతే దీనికి రక్ష. సావాజీ మైనమంత గట్టిది కాదుగానీ, రోహిణి కార్తెలో గోడను పట్టుకుని పగలు గడపాల్సిన జీవికి ఆ కాస్త ఆదా కూడా విలువైనదే. దూరపు కుటుంబాలకు చెందిన కప్పలు ఒకే ఉపాయాన్ని విడివిడిగా చేరుకోవడం ఈ కథలో అన్నిటికన్నా ఆశ్చర్యకరం.

వానలు మొదలయ్యాక నీటికి పైగా ఉన్న ఆకులకో, తొట్టి గోడకో నురగ గూడు కట్టి ఈ కప్ప అందులో గుడ్లు పెడుతుంది. పైపొర ఎండి గట్టిపడినా లోపల తడి నిలుస్తుంది. కొద్ది రోజులకు తోకకప్పలు జారి కింది నీళ్లలో పడతాయి.