లెక్కకు అందని శ్రామికులు: నరసాపురం లేసు పరిశ్రమలో స్త్రీలు

శ్రామికశక్తిలో వైవిధ్యం, సమ్మిళితత్వం ఏ మేరకు సాధించామో తెలుపుతూ పెద్ద కంపెనీలు నేడు ఏటా నివేదికలు వెలువరిస్తున్నాయి. మార్కెట్ విలువ రీత్యా మొదటి 1000 నమోదిత కంపెనీలు తమ సిబ్బందిలో స్త్రీ, పురుషుల సంఖ్యను విడివిడిగా వెల్లడించడాన్ని సెబీ 2022-23 నుంచి తప్పనిసరి చేసింది. అయితే ఎవరిని సిబ్బందిగా పరిగణించాలన్నది ఇటువంటి లెక్కలన్నింటికీ ముందే తేలవలసిన విషయం. గోదావరి డెల్టాలోని నరసాపురం లేసు పరిశ్రమ చరిత్రలో వివాదమంతా అక్కడే ఉంది. అల్లేవారు దాదాపు అందరూ స్త్రీలే అయిన ఈ పరిశ్రమలో వారిని కార్మికులుగా చూసినవారు చాలాకాలం అరుదు.

1836లో డెల్టాకు వచ్చిన బౌడెన్, బీర్ అనే మిషనరీలు నరసాపురం కేంద్రంగా పనిచేశారు. 1844 ప్రాంతంలో మెక్రే అనే మిషనరీ దంపతులు లేసు అల్లికను ఇక్కడి స్త్రీలకు నేర్పారని పరిశ్రమ చరిత్రకారులు పేర్కొంటారు. మతం స్వీకరించిన దళిత కుటుంబాల స్త్రీలు మొదట ఈ విద్యను నేర్చుకున్నారు. అంటే ఆనాటి సమాజం అంచుకు నెట్టినవారితోనే ఈ పరిశ్రమ మొదలైంది. పని కాపు కుటుంబాల ఇళ్లలోకి విస్తరించింది తరువాతి కాలంలో.

ఈ పరిణామాన్ని లోతుగా పరిశీలించినది జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్. 1970ల చివర అంతర్జాతీయ కార్మిక సంస్థ కార్యక్రమంలో భాగంగా ఆమె చేసిన అధ్యయనం 1982లో 'ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్' పేరుతో వెలువడింది. ఎగుమతిదారు నుంచి ఏజెంటుకు, ఏజెంటు నుంచి ఇంటికి దారం చేరేది. ముక్కకూలి పద్ధతిపై అల్లిక తిరిగి వెళ్లేది. ఒకరు పూలు అల్లితే మరొకరు వాటిని అతికేవారు. పూర్తయిన వస్త్రం ఎక్కడికి పోతుందో, ఏ ధర పలుకుతుందో అల్లినవారికి తెలిసే అవకాశం తక్కువ. రోజుకు ఆరేడు గంటలు శ్రమించినా వారిని తీరిక వేళ కాలక్షేపం చేసే గృహిణులుగానే వ్యాపారులు పరిగణించారు. ఈ ప్రక్రియకు మీస్ పెట్టిన పేరు 'గృహిణీకరణ'.

ఆమె పరిశీలనల్లో కులానికి సంబంధించినది మరీ ఆలోచింపజేస్తుంది. పొలం పనికి వెళ్లకుండా ఇంటిపట్టున ఉండడాన్ని పేద కాపు స్త్రీలు గౌరవ చిహ్నంగా భావించారు. వ్యవసాయ కూలీలైన దళిత స్త్రీల సంపాదన వారికంటే ఎక్కువగా ఉండేది. కూలి కోసం కలిసికట్టుగా గట్టిగా అడగగల శక్తీ వారికే ఉండేది. గోషా గౌరవం ఇక్కడ తక్కువ కూలికి పూచీగా పనిచేసిందనడం అతిశయోక్తి కాదు. హరిత విప్లవంతో వ్యవసాయంలో మిగులు చేకూరిన రైతు కుటుంబాల పురుషులు లేసు వ్యాపారంలోకి ప్రవేశించడంతో, ఏజెంట్లుగా ఉన్న స్త్రీల స్థానం మరింత కుంచించుకుపోయింది. వైవిధ్యం దృష్టితో చూస్తే ఇది విచిత్రమైన స్థితి: కిందిమెట్టున స్త్రీలే, పైమెట్టున దాదాపు పురుషులే.

ఇంటి వద్ద పనిచేసేవారి కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో 177వ ఒడంబడికను ఆమోదించింది; భారతదేశం దానిని ధ్రువీకరించలేదు. 2008 నాటి అసంఘటిత కార్మికుల సామాజిక భద్రతా చట్టం మాత్రం, ముడిసరుకు ఎవరు సమకూర్చినా, యజమాని కోసం తన ఇంట్లో ప్రతిఫలానికి ఉత్పత్తి చేసే వ్యక్తిని 'గృహాధారిత కార్మికుని'గా నిర్వచించింది. మిషన్ కాలం నుంచి లెక్కిస్తే ఈ నిర్వచనానికి పట్టిన వ్యవధి ఒకటిన్నర శతాబ్దానికి పైమాటే.

2024లో నరసాపురం క్రోషె లేసుకు భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ గుర్తింపుకు ఆధారమైన 1999 నాటి చట్టం హస్తకళల విషయంలో 'ఉత్పత్తిదారు' అన్న పదానికి ఇచ్చిన నిర్వచనంలో వస్తువును తయారుచేసేవారితో పాటు దానితో వ్యాపారం చేసేవారూ ఉన్నారు. గుర్తింపును వాడుకోదలచినవారు అధీకృత వినియోగదారులుగా విడిగా నమోదు కావాలి. ఆ పట్టికలో అల్లేవారి పేర్లెన్ని, అమ్మేవారి పేర్లెన్ని అన్నది పరిశోధకులు ఇకముందు లెక్కించవలసిన విషయం.