విదేశీ బసకు కార్డు వివరాలా? ఆచితూచి ఇవ్వండి

శ్రీకాకుళం, విజయనగరం: ఉద్దానం ప్రాంతం నుంచి వెల్డర్లుగా, ఫిట్టర్లుగా గల్ఫ్ దేశాలకు, సింగపూర్‌కు వెళ్లేవారు ఎందరో ఉన్నారు. పిల్లలను చూసేందుకు అమెరికా ప్రయాణమయ్యే తల్లిదండ్రులూ రెండు జిల్లాల్లో ఉన్నారు. అక్కడ బసకు ముందుగా గది బుక్ చేసుకోవాలంటే సాధారణంగా కార్డు వివరాలు ఇవ్వాల్సి వస్తుంది. కార్డు ఫొటో తీసి ఏజెంటుకు వాట్సాప్‌లో పంపినా, నెట్ సెంటర్‌లో కార్డు చేతికిచ్చినా కష్టార్జితం ప్రమాదంలో పడినట్లే.

ఓటీపీ రాకున్నా సొమ్ము పోవచ్చు

మన దేశంలో ఆన్‌లైన్ కార్డు చెల్లింపులకు అదనపు ధ్రువీకరణను రిజర్వు బ్యాంకు 2009 ఆగస్టు 1 నుంచి తప్పనిసరి చేసింది. విదేశీ వ్యాపార సంస్థలకు ఆ నిబంధన వర్తించలేదు. కార్డు సంఖ్య, గడువు తేదీ, వెనుకనున్న సీవీవీ తెలిస్తే ఓటీపీ లేకుండానే సొమ్ము తీసుకునే వీలుంది. విదేశీ సంస్థ ధ్రువీకరణ కోరితే జరిపే ఏర్పాటును 2026 అక్టోబరు 1 నాటికి చేయాలని 2025లో బ్యాంకులను ఆదేశించింది. కోరని సంస్థల విషయంలో జాగ్రత్త కార్డుదారుడిదే.

హోటల్ పేరుతోనే వల

2018 డిసెంబరులో యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లోని 40 హోటళ్ల సిబ్బందిని మోసగాళ్లు ఫోన్‌లో నమ్మించి, బుకింగ్.కామ్ ఖాతాల లాగిన్ వివరాలు రాబట్టారు. 4,109 మంది సమాచారం వారికి చిక్కింది. అందులో 283 మంది కార్డు వివరాలుండగా, 97 మందివి సీవీవీతో సహా పోయాయి. ఈ సంగతి ఆలస్యంగా తెలిపినందుకు నెదర్లాండ్స్ సమాచార రక్షణ సంస్థ ఆ కంపెనీకి 4.75 లక్షల యూరోల జరిమానా విధించింది. అందువల్ల గది రద్దవుతుందని, కార్డును మళ్లీ నిర్ధారించాలని వచ్చే సందేశాన్ని, అందులో బుకింగ్ వివరాలు సరిగానే ఉన్నా నమ్మరాదు. హోటల్ నంబరు స్వయంగా వెతికి విచారించాలి.

పాటించాల్సిన జాగ్రత్తలు

* వీలైతే హోటల్‌కు చేరాక చెల్లించే పద్ధతిని ఎంచుకోవాలి.
* సీవీవీని ఈమెయిల్, వాట్సాప్, ఫోన్ ద్వారా ఎవరికీ తెలపరాదు. వివరాలను చెల్లింపు పేజీలో స్వయంగా నమోదు చేయాలి.
* జీతం పడే ఖాతా డెబిట్ కార్డు వాడరాదు. అవసరమైనంత సొమ్ము మాత్రమే వేసిన ఫారెక్స్ కార్డు మేలు.
* బ్యాంకు యాప్‌లో అంతర్జాతీయ ఆన్‌లైన్ లావాదేవీలను బుకింగ్ వేళ మాత్రమే తెరిచి, పరిమితి విధించి, పని పూర్తికాగానే మూసేయాలి.

మోసం జరిగితే...

వెంటనే కార్డును బ్లాక్ చేయించి, బ్యాంకుకు రాతపూర్వకంగా తెలపాలి. 1930 నంబరుకు ఫోన్ చేయాలి. రిజర్వు బ్యాంకు 2017 నాటి ఉత్తర్వుల ప్రకారం, బ్యాంకు, ఖాతాదారుల తప్పు లేని మోసాన్ని సమాచారం అందిన మూడు పనిదినాల్లో తెలిపితే ఖాతాదారుడికి నష్టభారం ఉండదు. వివరాలను తానే ఇతరులకు ఇచ్చి ఉంటే మాత్రం, ఫిర్యాదు చేసేవరకు జరిగిన నష్టమంతా అతడే భరించాలి. ఏజెంటుకు పంపిన ఒక్క ఫొటో ఆ రక్షణను దూరం చేయగలదు.