ఎనమండుగురిలో మువ్వురు

యుద్ధచరిత్రలలో వీరుల పేర్లకు కొదవ లేదు. ఎవడు ఎందరిని కూల్చెనో లెక్కించి చెప్పుట పూర్వకథకులకును, ఈ కాలపు పత్రికలకును సమానమైన అలవాటు. చంపుటకై బయలుదేరినవాడు తనవారిని బ్రతికించుటకై ప్రాణము విడిచిన కథ అరుదు. అట్టిదొకటి 1942వ సంవత్సరము నవంబరు 28వ తేదీ రాత్రి జరిగినది. అది మన యిండ్లలో పిల్లలకు చెప్పదగినదే. కాని వట్టి స్తోత్రముగా మాత్రము చెప్పరాదు.

రాడన్ హ్యూమ్ మిడిల్టన్ ఆస్ట్రేలియా దేశీయుడు. 1916లో సిడ్నీ నగరప్రాంతమున జన్మించెను. మందలు మేపు క్షేత్రమున పని చేయుచుండి, 1940లో తన దేశపు వైమానిక దళమున చేరెను. తరువాత ఇంగ్లండునకు పంపబడి, బ్రిటిషు వైమానిక బలములోని 149వ దళమున నియమింపబడెను. ఆ దళమునకు 'ఈస్ట్ ఇండియా' యని మన దేశమును స్మరింపజేయు పేరొకటి యుండుట గమనింపదగినది. ముప్పది దండయాత్రలు ముగించిన వైమానికునకు కొంతకాలము విశ్రాంతి నిచ్చుట ఆనాటి యేర్పాటు. ఆ రాత్రిది మిడిల్టనునకు ఇరువదితొమ్మిదవది. అతని వయస్సును ఇరువదియారేండ్లే.

గమ్యము ఇటలీ దేశములోని ట్యూరిన్ నగరము. అచటి ఫియట్ యంత్రశాలలు. నడుమ ఆల్ప్స్ పర్వతములు. వాని యున్నతశిఖరము మాంట్ బ్లాంక్ ఎత్తు 15,700 అడుగులకు పైన. మిడిల్టన్ నడిపినది స్టర్లింగు అను నాలుగు యంత్రముల విమానము. బరువునకు తగిన రెక్కల పొడవు లేమిచే అది మిక్కిలి యెత్తునకు లేవజాలదు. నాటి భారముతో 12,000 అడుగులకు లేచుటయే గగనమయ్యెను. కావున చీకటిలో శిఖరముల నడుమనుండి దారి చేసికొని పోవలసివచ్చెను. పెట్రోలు అనుకొన్నదానికంటె ఎక్కువ ఖర్చయి, తిరిగి వచ్చుటకు చాలీచాలకుండ మిగిలెను. అయినను అతడు వెనుకకు మరలలేదు.

నగరముపై 2,000 అడుగుల యెత్తునకు దిగి, గుఱి నిశ్చయించుకొనుటకై మూడుమార్లు తిరిగెను. అప్పుడు క్రిందనుండి ఫిరంగులు ప్రేలెను. ఎడమ రెక్కకు పెద్ద రంధ్రము పడెను. ఒక గుండు చోదకుల గదిలో పగిలి, మిడిల్టను ముఖమును చీల్చి, కుడికంటిని పోగొట్టెను. అతడు స్పృహ దప్పెను. విమానము 800 అడుగుల వఱకు జారిపోయెను. తలకును కాళ్లకును గాయములు తగిలిన ఉపచోదకుడు దానిని నిలువరించి, పైకెత్తి, బాంబులను విడిచెను. స్పృహ వచ్చినంతనే మిడిల్టన్ చేసిన మొదటి పని, తాను చుక్కాని పట్టి, ఆ సహచరుని కట్టు కట్టించుకొనుటకు పంపుట.

కథలో ముఖ్యభాగము ఇక్కడనుండియే మొదలగును. అంతవఱకు చేసినది ఆజ్ఞానుసారము. ఇకమీదట ఏమి చేయవలెనో చెప్పు ఆజ్ఞ లేదు. ఫ్రాన్సులో దిగుటయో, దూకుటయో యని వారు ఆలోచించుకొనిరి. అట్లు చేసినచో అందరును శత్రువులకు చిక్కుదురు. మిడిల్టన్ తనవారిని ఇంగ్లండు తీరమునకు చేర్చి, పారాచూటులతో దింపవలెనని నిశ్చయించెను. తనకు మాత్రము దూకు శక్తి యుండదని అతడెఱుగకపోడు. చూపు మిక్కిలి స్వల్పము. మాటాడినపుడెల్ల నెత్తురు కారుచుండెను. అట్లు నాలుగు గంటలు నడిపి ఫ్రాన్సు తీరము చేరగా, అచటను ఫిరంగులు తగులుకొనెను. వానిని తప్పించుకొని సముద్రము దాటునప్పటికి, అయిదు నిమిషములకు చాలు పెట్రోలు మాత్రమే మిగిలెను. తీరము వెంబడి విమానమును నడపుచు, దూకుడని ఆజ్ఞాపించెను. అయిదుగురు క్షేమముగా నేలకు దిగిరి. పిమ్మట విమానము సముద్రమున కూలెను. అది ఏ యింటిమీదను పడలేదు.

భారతమున అరణ్యపర్వములో, సాల్వునితోడి పోరున ప్రద్యుమ్నుడు మూర్ఛిల్లగా, అతని సారథి రథమును మరల్చి, రథికుని కాపాడుట సారథిధర్మమని చెప్పును. ఇచట దెబ్బ తిన్నది సారథియే. అయినను ధర్మము మాఱలేదు.

అయితే మిడిల్టన్ ఒంటరిగా చావలేదు. ముందువైపు తుపాకి పట్టువాడును, యంత్రములు చూచువాడును, ఇద్దరు సార్జంటులు, నాయకునకు తోడుగా నిలిచిపోయిరి. వారి శవములు మఱునాడు సముద్రమున దొరకెను. మిడిల్టను దేహము 1943 ఫిబ్రవరి 1వ తేదీన డోవరు సమీపమున ఒడ్డునకు కొట్టుకొనివచ్చెను. సఫోకు మండలములో బెక్ రో గ్రామపు చర్చి ఆవరణమున అతని సమాధి కలదు. ఆ యుద్ధమున ఆస్ట్రేలియా వైమానిక దళమువారిలో విక్టోరియా క్రాస్ మొదట లభించినది అతనికే. పతకము ఒకటి, నిలిచినవారు మువ్వురు. నాయకునకు నౌకను విడువరాదను నియమమైన గలదు. ఆ యిద్దరికి దూకుమని ఆజ్ఞయే యుండెను. పేరు తెలియని త్యాగము పేరుగన్న త్యాగముకంటె తక్కువది కాదని చరిత్ర చదువువారు మఱువరాదు.

మఱువరాని సంగతి ఇంకొకటి కలదు. ట్యూరిన్ నగరమున ఆ యుద్ధకాలమందు విమానదాడులచే మడిసిన పౌరులు 2,000కు పైబడిరి. ముస్సోలినీ ప్రభుత్వము 1935లో అబిసీనియాపై దండెత్తి, అచటి ప్రజలపై బాంబులు కురిపించిన మాట నిజము. ఆ పాపఫలమును కుడిచినవారిలో పాలుత్రాగు బిడ్డలును ఉండిరన్నదియు నిజమే. బాంబునకు యంత్రశాల గోడయు, పొరుగింటి ఊయెలయు ఒక్కటియే. అటు బాంబులు మోసిన యువకులును తక్కువగా చావలేదు. బ్రిటిషు బాంబరుదళమున పనిచేసిన సుమారు 1,25,000 మంది వైమానికులలో 55,573 మంది తిరిగి రాలేదు.

కనుక ఈ కథను చెప్పునపుడు రెండు లెక్కలను చెప్పవలెను. ఒకటి ట్యూరినుది, రెండవది ఇంగ్లండు తీరమునది. మొదటిదానిని దాచి రెండవదానిని పొగడినచో, బాలురు యుద్ధమునే వీరత్వమని భ్రమింతురు. రెండవదానిని దాచినచో, మనుష్యునిపై విశ్వాసమే సడలును. ఒకే మనుష్యుడు, ఒకే రాత్రి, ఒకే విమానముతో ఈ రెండు పనులును చేసెను. మొదటిదానికి అతనిని పంపుటకు సామ్రాజ్యములు, సేనలు, యంత్రశాలలు కావలసివచ్చెను. రెండవదానికి అతని హృదయమొక్కటియే చాలెను. అట్టి హృదయములను మొదటి పనికి పంపనక్కరలేని లోకమును కట్టుట, వెనుకటి తరము మనకు విడిచిపోయిన ఋణము.