జముకు లాగిన చేతికి ఓ చక్రం

జముకు అనే వాద్యాన్ని చంకలో ఇరికించుకుంటారు. అడుగున తోలు, ఆ తోలు నడిమి నుంచి బయల్దేరిన తీగ, తీగ కొసన ఎడమ పిడికిట్లో చిన్న కర్రముక్క. కుడిచేత్తో మీటుతూ ఎడమచెయ్యి బిగిస్తే స్వరం పైకి జారుతుంది, సడలిస్తే దిగుతుంది. మధ్యలో మెట్లుండవు, అంతా జారుడే. పలాస దగ్గరి బొడ్డపాడులో పూజారిగా ఉన్న సుబ్బారావు పాణిగ్రాహి ఈ వాద్యంతో చెప్పే జముకుల కథనే శ్రీకాకుళ రైతాంగ ఉద్యమానికి గొంతు చేశాడు. 1969 డిసెంబరులో పోలీసుల తూటాలకు బలయ్యాడు.

ఆ జారుడు కంప్యూటర్‌లోకి ఎక్కే దారి మాత్రం చాలా దూరాన మొదలైంది. 1983 జనవరిలో అమెరికాలోని నామ్ సంగీత వాద్యాల ప్రదర్శనలో రెండు వేర్వేరు కంపెనీల సింథసైజర్లను ఒక వైరుతో కలిపి, ఒకదాని మీట నొక్కితే రెండోది పలికేలా చేసి చూపించారు. డేవ్ స్మిత్, ఇకుతారో కకెహాషి నడిపించిన ఆ ఒప్పందమే మిడి. దాని వైరులో శబ్దం పారదు, కబురే పోతుంది: ఏ మీట, ఎంత గట్టిగా అని. ఆ గట్టితనానికి 0 నుంచి 127 దాకా అంకెలు. కీబోర్డు వాయించేవాళ్ల లెక్క అది, జముకులవాడిని అడిగి పెట్టింది కాదు. స్వరాన్ని వంచే చక్రానికి మాత్రం 16,384 మెట్లిచ్చారు, అదృష్టం.

1996లో స్టైన్‌బర్గ్ కంపెనీ తన సంగీత సాఫ్ట్‌వేరు క్యూబేస్‌లోకి వీఎస్‌టీ ప్లగిన్ పద్ధతి తెచ్చింది. 1999 నాటికి వాద్యాలు కూడా ప్లగిన్లయ్యాయి. వేరే సాఫ్ట్‌వేరులో ఇమిడి నడిచే ప్లగిన్‌ది అద్దెకున్నవాడి కాపురం: వంట తనదే, మీటరు ఇంటివాడిది. లయ వేగం బయటి సాఫ్ట్‌వేరు ఎంత పెడితే అంత. ఇంత జరిగినా చాలామంది చేతికి మిగిలింది మౌసే. దాంతో డప్పు కొట్టడం నరకం.

2009లో బెర్లిన్ కంపెనీ నేటివ్ ఇన్‌స్ట్రుమెంట్స్ ‘మషీన్’ తెచ్చి, వేళ్లతో కొట్టే 16 ప్యాడ్ల పెట్టెను సాఫ్ట్‌వేరుకు జతచేసింది. ఆ సాఫ్ట్‌వేరు ఒంటరిగానూ నడుస్తుంది, క్యూబేస్ లాంటి దాంట్లో ప్లగిన్‌గానూ నడుస్తుంది. 16 ప్యాడ్ల వరస కొత్తదేం కాదు, 1988లో రోజర్ లిన్ అకాయ్ ఎంపీసీ60లో చూపించిందే.

2020 మార్చిలో ‘పలాస 1978’ సినిమా వచ్చాక, రఘు కుంచె సంగీతంలో మన ‘నక్కిలీసు గొలుసు’ పాట ఊరూరా ఫోన్లలో మోగింది. ఆ ఊపు కావాలనుకునేవాళ్లు జముకును రికార్డు చేసి ప్యాడ్ మీదికి ఎక్కించుకోవచ్చు.

చిక్కంతా జారుడును పలికించాల్సిన, కీబోర్డు మీది ఆ స్వరం వంచే చక్రం దగ్గరే. మామూలుగా అది పైకి రెండు అరస్వరాలు, కిందికి రెండే వంచుతుంది. జముకు లాగుడుకు అది చాలదు, రికార్డు చేసిన శబ్దాన్ని పలికించే శాంప్లర్‌లో 12కు పెంచాలి. స్ప్రింగున్న చక్రం వదిలితే నడిమికి వస్తుంది, జముకు తీగ వదిలితే అడుక్కి దిగుతుంది. అందుకే తీగ పూర్తిగా సడలినప్పటి శ్రుతినే మూలంగా పెట్టుకుని, చక్రం పై సగమే వాడాలి. అప్పుడు చెయ్యి తీయగానే స్ప్రింగే తోలు చేసే పని చేస్తుంది. ఒక్క శాంపిల్‌నే అంత దూరం సాగదీస్తే గొంతు పీలగా వస్తుంది కనుక, సడలుగా ఒకటి, సగం బిగించి ఒకటి, పూర్తిగా లాగి ఒకటి విడివిడిగా రికార్డు చేసుకోవడం మేలు.