సిపాయి మెడలో మర్ఫా

ధూల్‌పేట్‌లో వినాయకుడు లారీ ఎక్కగానే తీన్‌మార్ మొదలవుతుంది. విగ్రహం చేసింది లోధులు. బుందేల్‌ఖండ్ నుంచి నిజాం కొలువుకు సిపాయిలుగా వచ్చామని చెప్పుకునే వాళ్ళు. మరి ఆ విగ్రహం ముందు కుర్రాళ్ళను గంతులేయించే దరువు ఎక్కడిది? పాతబస్తీలో పెద్దవాళ్ళను అడిగితే మర్ఫాది అంటారు. మర్ఫా అంటే సిద్దీలు, చావుష్ అరబ్బులు. అంటే ముసల్మాన్లు. 1990 డిసెంబరులో వంద మందికి పైగా ప్రాణాలు తీసిన అల్లర్లు చూసిన నగరమిది. అల్లర్ల లెక్క అందరి దగ్గరా ఉంది. ఈ దరువు లెక్కే ఎవరి దగ్గరా లేదు.

సిద్దీల కథ వనపర్తి నుంచి చెప్పాలి. పందొమ్మిదో శతాబ్దంలో వనపర్తి సంస్థానాన్ని ఏలిన రాజా రామేశ్వరరావుకు ఆఫ్రికన్ అంగరక్షకుల దళం ఉండేది. తెలుగు నేల మీద, హిందూ రాజు దగ్గర, నల్ల ముసల్మాన్ సిపాయిలు! ఆ దళమే తర్వాత నిజాం చేతికొచ్చి ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అయింది. మాసబ్‌ట్యాంక్ పక్కన వాళ్ళ బస్తీని ఇప్పటికీ ఏసీ గార్డ్స్ అంటాం. ఏసీ అంటే చల్లటి గది అనుకునే పిల్లలున్నారిప్పుడు. అరబ్బులు యెమెన్ వైపు హద్రమౌత్ నుంచి వచ్చారు. వాళ్ళుండే బార్కస్ పేరు సైనికుల బ్యారక్స్ నుంచి పుట్టిందే.

మర్ఫా గిన్నెలాంటి డోలు. మెడకు వేలాడదీసుకుని పుల్లలతో వాయిస్తారు. పక్కన దఫ్‌లు, లోహపు బిందె. ముందు కత్తులూ కర్రలూ తిప్పుతూ ఆడేవాళ్ళు. కాగితం మీద రాసుకున్న స్వరాలు లేవు. ఉస్తాద్ చేయి మారితే గుంపంతా మారుతుంది. ఏ డోలు ఎప్పుడు ఆగాలో, ఏది ఎప్పుడు అందుకోవాలో అంతా వాళ్ళ చెవుల్లోనే ఉంటుంది.

ఆఫ్రికా నుంచి బానిసలుగా తరలించిన వాళ్ళ డోలు అమెరికాలో ఇంకో దారి పట్టింది. 1914లో పిట్స్‌బర్గ్‌లో పుట్టిన కెనీ క్లార్క్ జాజ్ డ్రమ్మర్. అంతవరకు కాలితో పెద్ద డోలు మీద నడిపే తాళాన్ని కంచు పళ్ళెం మీదికి మార్చాడు. పెద్ద డోలును ఎవరూ ఊహించని చోట ఒక్క దెబ్బకు దాచుకున్నాడు. 1946లో ఇస్లాం తీసుకుని లియాఖత్ అలీ సలామ్ అయ్యాడు. అప్పటి నల్ల సంగీతకారుల్లో చాలామందికి ఇస్లాం చేరింది మన పంజాబులోని ఖాదియాన్ నుంచి వెళ్ళిన అహ్మదియాల ద్వారా. మన మౌల్వీలు ముసల్మాన్లుగా ఒప్పుకోని అహ్మదియాలే! ముస్లిం పేరు పెట్టుకుంటే ‘నల్లవాడు’ అనే ముద్ర నుంచి కొంత తప్పించుకోవచ్చన్న ఆశ కూడా అందులో ఉందని డిజీ గిలెస్పీ తన ఆత్మకథలో చెప్పాడు. క్లార్క్ 1956లో పారిస్ వెళ్ళిపోయాడు. బెల్జియం వాడైన ఫ్రాన్సీ బోలాండ్‌తో కలిసి 1960లలో పెద్ద బ్యాండు నడిపాడు. బాణీల కూర్పు బోలాండ్‌ది, తాళం క్లార్క్‌ది. అందులో సాహిబ్ షిహాబ్, ఇద్రీస్ సులేమాన్ కూడా ఊదారు. 1985లో చనిపోయేదాకా క్లార్క్‌కు అక్కడ గౌరవం తగ్గలేదు.

ఇక్కడ? 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది. నిజాం సేనలు రద్దయ్యాయి. అరబ్బులను శిబిరాల్లో పెట్టారు, చాలామందిని ఓడలెక్కించి పంపేశారు. తరాలుగా ఇక్కడే పుట్టి పెరిగిన వాళ్ళు రాత్రికి రాత్రి పరదేశీలయ్యారు. గుర్రం పోయిన సిద్దీకి మిగిలింది మర్ఫా ఒక్కటే. గార్డుల పండుగల్లో మోగేది పెళ్ళి బారాత్‌లో కూలికి మోగింది. అమెరికాలో ముస్లిం పేరు నల్లవాడికి ఒక తలుపు తీస్తే, ఇక్కడ అదే పేరు సిపాయికి తలుపు మూసింది.

మన ఇంటి సంగతీ చెప్పుకోవాలి. షరీఫ్ ఖాన్‌దాన్‌లలో ‘హబ్షీ’ అన్న మాట ఎలా పలుకుతారో మనకు తెలీదా? ఇస్లాంలో కులం లేదని సభల్లో చెబుతాం. సిద్దీకి పిల్లనిస్తామా? నాదస్వరం ఊదిన షేక్ చినమౌలానా సాహెబ్‌కు పద్మశ్రీ వచ్చింది, మద్రాసులో సంగీత కళానిధి వచ్చింది. మనందరికీ గర్వమే. అది కచేరీ సంగీతం. వీధిలో మోగే మర్ఫాకు శాలువా కప్పేవాడు లేడు. మాదిగ డప్పుకు పట్టిన గతే దీనికీ పట్టింది. అందుకేనేమో వీధిలో ఆ రెండు దరువులూ అంత సులువుగా కలిసిపోయాయి.

ఇప్పుడు డీజే బండి వచ్చి సగం బేరాలు పట్టుకుపోయింది. అయినా వినాయకుడికీ, బోనాలకీ, ఎమ్మెల్యే నామినేషన్‌కీ మర్ఫా వాళ్ళను పిలుస్తూనే ఉన్నారు. ముసల్మాన్ల పెళ్ళిలోనే చిక్కు. బాజా ఉంటే నికా చదవనని కొందరు ఖాజీలు అంటారు. అలాంటప్పుడు మర్ఫా వాళ్ళు ఫంక్షన్ హాలు గేటు బయటే కూర్చుంటారు. ఖాజీ సాబ్ బండి సందు మలుపు తిరిగాక పుల్లలు తీస్తారు.