కాచినవాళ్ళూ, రుచి చూసినవాళ్ళూ

మధ్యయుగాల ఇంగ్లండు పల్లెల్లో ఒక ఉద్యోగం ఉండేది. ఊళ్ళో ఎవరింట్లో ఏల్ కాచినా వెళ్ళి ఒక గుక్క తాగి, రుచి బాగుందో లేదో, కొలత సరిపోయిందో లేదో, ధర ఎక్కువ పెట్టారేమో చూసి చెప్పే ఉద్యోగం. వాళ్ళను ఏల్-టేస్టర్లు అనేవారు. ఆ పని మగవాళ్ళది. కాచే పని మాత్రం చాలాచోట్ల ఆడవాళ్ళది. ఆమె కాయాలి, అతను రుచి చూసి తీర్పు చెప్పాలి. ఈ అమరికను ఎక్కడో చూసినట్టు లేదూ? మన ఇళ్ళలోనే కాదు, రచయిత్రికీ విమర్శకుడికీ మధ్య కూడా.

మిరపకాయలు వేసి కాచిన పొగవాసన నల్ల బీరు గురించి రాద్దామని కూర్చుంటే నాకు ముందు గుర్తొచ్చింది ఈ ఏల్-టేస్టరే. ఎందుకో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

13వ శతాబ్దంలో ఇంగ్లండులో రొట్టెకూ ఏల్‌కూ ధరలు కట్టే చట్టం వచ్చింది. దాన్ని మీరినవాళ్ళకు జరిమానా. ఆచరణలో అది అమ్మకానికి కాచేవాళ్ళందరి మీదా వేసే రుసుముగా మారిపోయింది. ఆ జరిమానాల పట్టీలు ఊరి కోర్టుల్లో మిగిలాయి. చరిత్రకారిణి జూడిత్ బెనెట్ 1300 నుంచి 1600 వరకు ఏల్ కాచిన స్త్రీల గురించి 1996లో పుస్తకం వెలువరించారు. దానికి ఆధారంగా నిలిచినవాటిలో ఈ పట్టీలు ముఖ్యమైనవి. జరిమానా కట్టింది కాబట్టి ఆమె పేరు చరిత్రకు దక్కింది! ఆ కాస్తా కూడా పూర్తిగా దక్కలేదు. భార్య కాస్తే భర్త పేరు రాసుకున్న ఊళ్ళూ ఉన్నాయి.

హాప్స్ వెయ్యని ఏల్ నాలుగు రోజుల్లో పులిసిపోయేది. నిలవుండదు, దూరం మోయలేరు. అందుకే ఇవాళ ఈ ఇంట్లో కాస్తే రేపు ఆ ఇంట్లో కాచి, ఇంటికి సరిపోగా మిగిలింది ఇరుగుపొరుగుకు అమ్మేవారు. పిల్లల్నీ కోడిపెట్టల్నీ చూసుకుంటూ చేసుకోగలిగిన వ్యాపారం. ఇంగ్లీషులో బ్రూస్టర్ అనే మాట చివరి అక్షరాలు ఒకప్పుడు స్త్రీని సూచించినవే. ఇప్పుడది ఎక్కువగా ఇంటిపేరుగానే కనిపిస్తుంది.

1348-49 ప్లేగు తర్వాత బతికినవాళ్ళ కూలి పెరిగింది, తాగడమూ పెరిగింది. పక్కదేశాల నుంచి హాప్స్ వేసిన బీరు వచ్చింది. అది వారాల తరబడి నిలవుంటుంది కాబట్టి పెద్ద ఎత్తున కాచి బళ్ళ మీదా ఓడల మీదా పంపొచ్చు. దానికి పెద్ద కాగులు కావాలి, వంటచెరకు కావాలి, అప్పు పుట్టాలి, వృత్తిసంఘంలో చోటుండాలి. పెళ్ళయిన స్త్రీకి తన పేరుతో ఒప్పందం రాసుకునే హక్కే అరుదు. 1600 నాటికి పట్టణాల్లో ఇది మగవాళ్ళ వ్యాపారమైపోయింది. ఒక్క ఆజ్ఞతో ఎవరూ వాళ్ళను వెళ్ళగొట్టలేదు. లాభం తక్కువగా ఉన్నంతకాలం ఆడవాళ్ళ చేతుల్లో ఉన్నది, లాభం పెరిగేసరికి చేతులు మారింది. బెనెట్ చెప్పే విషయాల్లో నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే.

సాహిత్యం ఏం చేసిందంటే, నవ్వింది. 16వ శతాబ్దం తొలినాళ్ళలో జాన్ స్కెల్టన్ ఎలినర్ రమ్మింగ్ అనే ఏల్ అమ్మే ముసలావిడ మీద పెద్ద ఎగతాళి కావ్యం రాశాడు. లడ్లో ఊరి చర్చిలో కుర్చీల కింది చెక్కడాల్లో, కొలతలో మోసం చేసిన ఏల్ ఆవిడను దయ్యం నరకానికి మోసుకుపోతుంటుంది. (మంత్రగత్తె నల్లటోపీ, చీపురు, పిల్లి ఈమె నుంచే వచ్చాయని ఒక కథ బాగా ప్రచారంలో ఉంది. వినడానికి బాగుంటుంది గానీ దానికి గట్టి ఆధారాల్లేవు. మనకు నచ్చే కథయినంత మాత్రాన నమ్మేయకూడదు కదా.)

ఆమె వైపు నుంచి ఎవరూ రాయలేదా అంటే, ఒకరున్నారు. మార్జరీ కెంప్, సుమారు 1373లో లిన్ పట్టణంలో పుట్టింది. తన జీవితాన్ని చెప్పి రాయించుకుంది. ఇంగ్లీషులో తొలి ఆత్మకథ అని చాలామంది అనే ఆ పుస్తకం రాతప్రతి 1934లో బయటపడింది. తను మూడు నాలుగేళ్ళు ఊళ్ళో పెద్ద ఎత్తున ఏల్ కాచేవాళ్ళలో ఒకదాన్నిగా ఉన్నాననీ, పైన చక్కగా పొంగిన నురగ ఉన్నట్టుండి కిందికి దిగిపోయి కాచిందంతా పాడైపోయేదనీ చెప్పింది. అది తన గర్వానికి దేవుడు వేసిన శిక్ష అనుకుంది. ఈస్టు సంగతి అప్పటికి ఎవరికీ తెలియదు. పులియడం చెడితే తన శీలం చెడిందనుకున్న ఆమెను చదువుతుంటే, ఆవకాయ బూజు పడితే దాన్ని కలిపిన మనిషి చేతినే అనుమానించే మన ఇళ్ళు గుర్తొచ్చాయి.

ఇక పొగ. బార్లీని నానబెట్టి, మొలకెత్తించి, వేడి మీద ఆరబెడితే మాల్టు అవుతుంది. కట్టెల మంట మీద ఆరబెడితే పొగ పట్టకుండా ఉండదు. ఆ రోజుల్లో పొగ ఒక లోపం. తప్పించుకోడానికి గడ్డి మంట వేసుకునేవారు. 17వ శతాబ్దంలో బొగ్గును కోక్‌గా మార్చి వాడడం మొదలయ్యాక పొగలేని మాల్టు సులువైంది. 1817లో డేనియల్ వీలర్ తిరిగే పీపాలో మాల్టును నల్లగా వేయించే పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. పోర్టర్ అనే నల్ల బీరుకు రంగు అలా పొగ లేకుండానే వచ్చింది. జర్మనీలోని బాంబెర్గ్‌లో మాత్రం ష్లెంకెర్లా, స్పెత్సియాల్ అనే రెండు బ్రూవరీలు బీచ్ కట్టెల పొగ మీద మాల్టు ఆరబెట్టడం మానలేదు. అందరూ వదిలించుకున్న లోపం వాళ్ళకు పేరు తెచ్చింది. 1988లో అలాస్కాలో ఆల్డర్ కట్టెల పొగతో ఒక పోర్టర్ వచ్చింది. ఆ తర్వాత అమెరికా చిన్న బ్రూవరీల్లో పొగ పోర్టర్లకు చిపోత్లే మిరపకాయ కలపడం వచ్చింది. చిపోత్లే అంటే పండిన హాలపేన్యో మిరపను పొగలో ఎండబెట్టినది. మెక్సికో నావాత్ భాషలో మిరప, పొగ అనే రెండు మాటలు కలిసి ఆ పేరైంది.

నేను దాన్ని తాగింది కాలిఫోర్నియాలో ఒక చిన్న బ్రూవరీలో, సెమినారుకు వెళ్ళినప్పుడు. అడిగింది నేనైనా, రుచి చూడమని చిన్న గ్లాసు నా పక్కనున్న మగ సహోద్యోగి ముందు పెట్టారు. ఏల్-టేస్టర్ ఇంకా పదవిలోనే ఉన్నాడన్నమాట. అతను నవ్వి నావైపు జరిపాడు. ముందు మాడిన కాఫీగింజల చేదు. తర్వాత పొగ. మా అమ్మమ్మ ఇంట్లో పాలు పొగచూరితే వచ్చే వాసనే, అదే. పొగచూరిన పాలకు ఆమె ఎన్ని మాటలు పడిందో మా అమ్మ చెప్పేది. ఇక్కడ దానికి డాలర్లు ఇస్తున్నారు. కారం నాలుక మీద తెలియలేదు. మింగాక గొంతులో నెమ్మదిగా రాజుకుంది. నిజానికి కారం రుచి కాదు, నొప్పి. మిరపలోని క్యాప్సైసిన్ వేడిని గుర్తుపట్టే గ్రాహకాన్నే తట్టి లేపుతుందని డేవిడ్ జూలియస్ బృందం 1997లో కనిపెట్టింది. 2021 నోబెల్ పంచుకున్నవారిలో ఆయన ఒకరు. అది నీళ్ళలో కరగదు. నూనెలో, ఆల్కహాలులో కరుగుతుంది. బీరులో ఎక్కువ భాగం నీళ్ళే కాబట్టి బీరు తాగి ఆ మంట ఆర్పుకోలేం. బుడగలు ఇంకాస్త గుచ్చుతాయి. నాకు నచ్చింది.

నచ్చిందని రాయడానికి చెయ్యి కాసేపు ఆగింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా దుకాణం మూయించిన స్త్రీల కథ వింటూ పెరిగిన తరం మాది. 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో మొత్తం మద్యనిషేధం, 1997లో దాని ఎత్తివేత. ఆ స్త్రీలు పోరాడింది వేలంపాటతో, ఊరూరా ప్యాకెట్లు దించిన కాంట్రాక్టరుతో, కూలిడబ్బులను ఖజానాకు మళ్ళించుకున్న ప్రభుత్వంతో. 1886 మద్రాసు అబ్కారీ చట్టం నాటి నుంచీ పల్లెల్లోనూ అడవుల్లోనూ కాచుకునే, గీసుకునే హక్కు లైసెన్సుకూ పన్నుకూ లొంగింది. అడవుల్లో తెల్లవారకముందే ఇప్పపూలు ఏరే ఆదివాసీ స్త్రీ నేరస్తురాలు కావడం, లిన్‌లో మార్జరీల తరవాతి తరం చేతుల్లోంచి కాగు జారిపోవడం నాకు ఒకే కథలా కనిపిస్తాయి. ఇంట్లో కాచింది తాగి కొట్టిన మొగుళ్ళు లేరని కాదు. ఉన్నారు. ఆ దెబ్బలకు లెక్క ఏ పట్టీలోనూ లేదు.

మిరప మన దేశానికి 16వ శతాబ్దంలో పోర్చుగీసు ఓడల్లో వచ్చింది. అంతకుముందు మన కారం మిరియమే. కొత్త కాయకు ఆ పేరే అతుక్కుంది. మిరప పొగ మాత్రం దాని పుట్టిల్లు మెక్సికోలోనూ శిక్షే. సుమారు 1541 నాటి కోడెక్స్ మెండోసాలో ఒక బొమ్మ ఉంది. పదకొండేళ్ళ కొడుకును తండ్రీ, అదే వయసు కూతురిని తల్లీ ఎండుమిరపకాయల పొగ ముందు పెడుతుంటారు. పన్నెండేళ్ళ అమ్మాయి ఇల్లు ఊడుస్తుంటుంది. పదమూడేళ్ళది రాతి మీద నూరుతుంటుంది. మన ఇళ్ళలో దిష్టి తీసి నిప్పుల్లో వేసిన మిరపకాయలు కోరు రాకపోతే దిష్టి ఉన్నట్టే అంటారు. ఆ కోరుకు దగ్గింది ఎప్పుడూ పిల్లలూ, తీసిన ఆడమనిషీ.

గుంటూరు చుట్టుపక్కల మిరప కోతల్లోనూ తొడిమలు తీసే పనిలోనూ కూర్చునేవాళ్ళలో ఎక్కువమంది స్త్రీలే. గ్లాసులో నా గొంతును తట్టిన గ్రాహకమే వాళ్ళ వేళ్ళ చర్మంలోనూ ఉంది. సాయంత్రం నీళ్ళతో ఎంత కడిగినా మంట పోదు, నూనె రాయాలి. కరిగే గుణం గురించి ఏ ప్రయోగశాలా చెప్పకముందే వాళ్ళకు తెలుసు. రాత్రి చంటిపిల్లను ఎత్తుకునేముందు చేతులు మోచేతుల దాకా కొబ్బరినూనెతో తుడుచుకుని, మళ్ళీ ఒకసారి వాసన చూసుకుంటారు.